గాయాలు లేని ఆట

వదిన ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాల అంగట్లో ఎండుమిరపకాయల మూట విప్పి, తుమ్ములు ఆపుకోలేక అవస్థ పడుతున్నాను. మా నాయన తర్వాత ఈ అంగడి నేనే చూసుకుంటున్నాను. మిరపకాయలకు మాత్రం నేనంటే ఇంకా గౌరవం లేదు.

"పాపా, మీ అన్న ఆట కావాలంటాండాడు" అంది వదిన.

అన్న అంటే మా పెదనాన్న పెద్దకొడుకు. ఆళ్ళగడ్డలో ఉంటాడు. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా వస్తుంది. బుద్ధికి ఏమీ కాలేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. విన్నవాళ్ళంతా తలూపారు గానీ, ఆ మాట నమ్మినట్టు ఇంట్లో ఒక్కరూ నడుచుకోలేదు. అన్నం వదిన కలిపి పెడుతుంది. ఇంటి ముందరి తమ అంగడికి వస్తానని లేస్తే, తమ్ముడు, అంటే మా చిన్నన్న, "నీకెందుకన్నా ఆ శ్రమ" అని భుజాలు పట్టి మళ్ళీ మంచం మీద కూర్చోబెడతాడు. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమలో మా అన్న రోజురోజుకూ కరిగిపోతున్నాడు. దేనికీ కాదనడు, దేనికీ ఔననడు. అలాంటి మనిషి ఇన్ని నెలల తర్వాత నోరు తెరిచి ఒకటి అడిగాడంటే నాకు తుమ్ములు కూడా ఆగిపోయాయి.

"ఏ ఆట వదినా?"

"నాకేం తెలుసమ్మా. మీరు చిన్నప్పుడు ఆడేదంట గదా, నలుగురు మనుషులు కత్తులు పట్టుకోని గుహల్లో తిరిగేది. ఆదివారం రా. సులువుగా ఉండేది చూసి తీస్కరా. ఓడిపోతే మళ్ళా మనసు కష్టపెట్టుకుంటాడు."

సరేనని ఫోన్ పెట్టేశాను గానీ, ఆ 'సులువు' అనే మాట దగ్గర నాకు చిర్రెత్తింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని చుట్టాల్లో పేరు. అయినా ఈ కోపం ఇప్పటిది కాదు. చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో, ఆ ఆట దగ్గరే మొదలైంది.

ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మా నాయన నన్ను నంద్యాలలో బస్సెక్కించేవాడు. శిరివెళ్ళ దాటి ఆళ్ళగడ్డ దగ్గర పడేసరికి రోడ్డు పక్క పందిళ్ళలో శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు వినిపించేది. ఆ టకటక వింటే దిగాలని తెలిసేది. కండక్టరు అరవనక్కరలేదు. పెదనాన్నది కిరాణా అంగడి, వెనకనే ఇల్లు. నడిమింట్లో కొలిమిగుండ్ల నుంచి తెప్పించిన నల్ల బండలు పరిచి ఉండేవి. మిట్టమధ్యాహ్నం కూడా వాటి మీద కూర్చుంటే చల్లగా ఉండేది. ఒక మూల బనగానపల్లె మామిడికాయలు గడ్డిలో మాగుతూ ఉండేవి. ఇంకో మూల కంప్యూటరు.

ఆ కంప్యూటరు పెదనాన్న అంగడి కోసం కొన్నది. ఒక వారం దాని ముఖం చూసి, దాని లెక్క మీద నమ్మకం కుదరక ఇంట్లోకి పంపించేశాడు. అంగడికి పనికిరానివన్నీ ఇంటికి చేరడం మా వాళ్ళ ఆచారం. పురుగు పట్టిన కందిపప్పు, విరిగిన బెల్లపచ్చు, తడిసిన చక్కెర, అవే మేము తినేవి. మంచి సరుకు గిరాకీది. ఇంటివాళ్ళు దాని మీద చెయ్యి వేస్తే పెదనాన్న కళ్ళెర్రజేసేవాడు. "సరుకు తియ్యొద్దు" అనే మాట వింటూనే మేమంతా పెరిగాం.

ఆటను అన్న నంద్యాలలో డిగ్రీ చదువుతూ తెచ్చాడు. అందులో మనం ఒక్కరం కాదు, నలుగురి గుంపు. నలుగురినీ కాపాడుకుంటూ గుహలు, కోటలు, అడవులు దాటాలి. ముందు నిలబడి దెబ్బలు కాసేవాడికి అన్న 'కత్తాయన' అని పేరు పెట్టాడు. దూరం నుంచి కొట్టేవాడు 'బాణాలాయప్ప'. ఈ ఇద్దరూ అన్న వాళ్ళే. 'మంత్రాలాయన' చిన్నన్నకు. మిగిలింది గాయాలు మాన్పే ఆమె, 'మందులామె'. ఆమె ఎవరినీ కొట్టదు. కాబట్టి ఎవరికీ వద్దు. కాబట్టి నాకు.

ఆ ఆటలో యుద్ధం మన కోసం ఆగదు. శత్రువులు మీదికి వస్తూనే ఉంటారు. కీబోర్డు మీద పొడుగు మీట నొక్కితే మాత్రం అందరూ ఉన్నచోట నిలబడిపోతారు. అప్పుడు మౌసు చేతులు మార్చుకుంటూ ఎవరి మనుషులకు వాళ్ళు పనులు చెప్పుకుని, మళ్ళీ మీట నొక్కాలి. ఆ మీట మీద పెత్తనం మా అన్న కుడిచేతి బొటనవేలిది. చిన్నన్న ఎంత తొందరపెట్టినా అది సరైన క్షణం దాకా కదిలేది కాదు. కదిలిందంటే మా నలుగురిలో ఎవరి ప్రాణమో ఒకటి నిలిచేది. ఆ వయసులో నాకు అన్న మీద కంటే ఆ వేలి మీదే ఎక్కువ నమ్మకం.

ఆట మొదట్లోనే ఎంత కష్టంగా ఉండాలని అడుగుతుంది. ఈజీ, నార్మల్, హార్డ్. అన్న హార్డ్ నొక్కాడు. డిగ్రీ చదివేవాడు తమ్ముడి ముందు, చెల్లెలి ముందు ఈజీ నొక్కుతాడా?

హార్డ్‌లో తోడేళ్ళకు బుద్ధి ఉండేది. ఎదురుగా నిలబడ్డ కత్తాయనను వదిలేసి, చుట్టూ తిరిగి, వెనకున్న మందులామె మీదికే వచ్చేవి. మందు వేసేదాన్ని ముందు తీసేస్తే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పడిపోతారని వాటికి తెలుసు. నేను మాటిమాటికీ చచ్చిపోయేదాన్ని. ఒకరోజు చచ్చిపోయి నిజంగానే ఏడ్చాను. వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది. "పాపను ఏమిటికి ఏడిపిస్తాండార్రా! ఊరికే ఆడనీకి రాదా మీకు?"

మరునాడు నేను వెళ్ళేసరికి ఆట మెత్తబడి ఉంది. తోడేళ్ళు వచ్చాయి. కత్తాయన ఒక్కటేశాడు, పడిపోయాయి. దొంగలు వచ్చారు, పడిపోయారు. ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. గాయమే లేకపోతే మందులామెకు పనేముంది? గిరాకీ లేని అంగట్లో కూర్చున్న మనిషి మాదిరి వెనకాల నిలబడి ఉండేది. నేను కూడా అంతే, వాళ్ళిద్దరి వెనక బండ మీద కూర్చుని మామిడిపండు చీకుతూ ఉండేదాన్ని.

"బాగుందా మే?" అని అడిగేవాడు అన్న.

"బాగుంది" అనేదాన్ని. చుట్టాలింట్లో ఉప్పు లేని కూర వడ్డించి ఎట్లుందని అడిగితే అంటామే, ఆ 'బాగుంది'.

రెండు రోజులు చూసి, మూడోరోజు ఆట వైపే పోలేదు. పెద్దమ్మ పక్కన చేరి చింతగింజలతో బారాకట్ట ఆడుకుంటున్నాను. అన్న వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏందీ, ఆటకు రాల్యా?"

"నాకాడ పనేముండాది? అన్నీ మీరే చంపుతాండారు. నేను లేకపోయినా ఆట జరుగుతాంది."

"నువ్వు ఏడుస్తాండావని నీకోసమే గదా తగ్గిచ్చినా!"

"నన్నడిగినావా?"

అంత చిన్న పిల్ల ఆ మాట అనేసరికి పెద్దమ్మ నోట్లో తమలపాకు నమలడం ఆపింది. అన్న నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "సరే, రా" అని చెయ్యి పట్టుకుని లేపాడు.

నా కళ్ళ ముందే మళ్ళీ హార్డ్ పెట్టాడు. కానీ ఈసారి ఊరికే పెట్టలేదు, ఒక ఉపాయం కూడా తెచ్చాడు. ఉగాది ముందర అంగడికి జనం ఎగబడితే పెదనాన్న ఒక తలుపు మూసేసి, రెండో తలుపు దగ్గర అడ్డంగా ఒక బియ్యం బస్తా పెట్టేవాడు. ఎంత జనమున్నా ఒకరి తర్వాత ఒకరే లోపలికి రావాలి. అన్న మా నలుగురినీ వెనక్కి నడిపించి ఒక పాడుబడ్డ ఇంట్లోకి తీసుకుపోయాడు. గుమ్మంలో కత్తాయనను అడ్డంగా నిలబెట్టాడు. "ఈయప్పే మన బియ్యం మూట" అన్నాడు. తోడేళ్ళు గుంపుగా వచ్చి గుమ్మం దగ్గర ఇరుక్కుపోయాయి. ఒక్కటి కూడా నా దాకా రాలేకపోయింది.

కానీ దెబ్బలన్నీ కత్తాయనకే. నేను మందు వేస్తూనే ఉన్నాను. వేసేకొద్దీ నా శక్తి తరిగిపోతోంది. మా సంచిలో ఎర్ర సీసాల మందు బోలెడంత ఉంది. దారిలో దొరికినవన్నీ దాచి, ఊరు చేరాక ఆ ఆటలోని అంగడివాడికి అమ్మేవాళ్ళం. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, సంచి నిండా మందు పెట్టుకుని చచ్చే గుంపు లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది. కోమట్ల పిల్లలు ఆడితే అంతే.

"అన్నా, ఎర్ర సీసా తియ్యనా?" అన్నాను భయపడి.

అన్న తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "సరుకు తియ్యొద్దు. నువ్వుండావు గదా."

తర్వాత జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. బడిలో బహుమతులిచ్చారు, ఇంత పెద్ద అంగడి ఆడమనిషి నడుపుతోందని మార్కెట్టులో అన్నారు. ఆ మాటకు సాటి వచ్చింది ఒక్కటీ లేదు. నువ్వున్నావు, కాబట్టి మందు సీసా అక్కర్లేదు. ఆ రోజు చివరి తోడేలు పడేవరకు నేను ఊపిరి తీసుకున్నానో లేదో నాకే తెలియదు. గెలిచి ముగ్గురం అరుస్తుండగా కరెంటు పోయింది. అప్పటిదాకా ఆడింది సేవ్ చేసుకోలేదు. మళ్ళీ మొదటినుంచి ఆడాం, మళ్ళీ గెలిచాం. నాకు మాత్రం బాధ వెయ్యలేదు, ఇంకోసారి అవసరపడ్డాను కదా.

ఆ సెలవుల తర్వాత ఎన్నో ఆటలు ఆడాను. ఇప్పటికీ అంగడి మూశాక కాసేపు ఆడతాను. నలభై దగ్గరపడుతున్న ఆడమనిషికి ఇదేం పిచ్చి అనేవాళ్ళు అననీ. ఆడేకొద్దీ ఒకటి తెలిసింది. కష్టం అని రాసిపెట్టినదంతా కష్టం కాదు. కొన్ని ఆటల్లో హార్డ్ అంటే శత్రువు ప్రాణం రెండింతలు చేస్తారు, అంతే. పది దెబ్బలకు పడేవాడు ఇరవై దెబ్బలకు పడతాడు. అది కష్టం కాదు, చాకిరీ. గడ్డపారతో బండ కొట్టుకుంటూ కూర్చోవడమే. నిజమైన కష్టంలో శత్రువుకు ఉపాయం ఉంటుంది. దానికి మనం ఇంకో ఉపాయం పన్నాలి, ఒకరు ముందుకు జరగాలి, ఒకరు వెనక్కి తగ్గాలి, నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా పని జరగకూడదు. గుంపు ఆటలో ఉన్న సుఖమంతా అదే. ఈజీ చేసి ఆ అవసరం తీసేస్తే గెలుపు మిగులుతుంది గానీ గుంపు మిగలదు.

అందుకే అన్న కోసం ఆట వెతకడానికి నాకు ఆ వారమంతా పట్టింది. పాత సీడీ ఎప్పుడో పోయింది. ఉన్నా లాభం లేదు, ఆ పొడుగు మీటకు కావలసిన బొటనవేలు ఇప్పుడు ఒళ్ళో కదలకుండా పడి ఉంది. చివరికి వంతుల ఆట ఒకటి దొరికింది. అది బారాకట్ట లాంటిదే. నీ వంతు వస్తే లోకమంతా నీ కోసం నిలబడి ఉంటుంది. ఎంతసేపు ఆలోచించుకున్నా ఎవరూ తోసుకురారు. ఎడమచేత్తో మెల్లగా జరిపినా చాలు. చేతికి సులువు, బుర్రకు కష్టం. హార్డ్‌లో నేను ఒకసారి ఆడి చూశాను, దాంట్లో శత్రువులకు బుద్ధి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అంగడి కట్టేసి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఆళ్ళగడ్డలో ఉలి చప్పుడు అలాగే ఉంది, మధ్యలో కోతమిషన్ల రొద కలిసింది. నడిమింట్లో నల్ల బండలూ అవే. పెదనాన్న, పెద్దమ్మ గోడ మీద పటాల్లో ఉన్నారు. అన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నోటికి ఒక పక్కతోనే నవ్వాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, మౌసు ఎడమవైపు పెట్టాను. చిన్నన్నను కూడా లాక్కొచ్చి కూర్చోబెట్టాను. కత్తాయన, బాణాలాయప్ప అన్నకు, మంత్రాలాయన చిన్నన్నకు, మందులామె నాకు. పంపకాల్లో ఎవరికీ పేచీ రాలేదు.

మొదటి యుద్ధం ఒక కోట ముంగిట్లో జరిగింది. దొంగలు నాలుగు వైపుల నుంచి వచ్చి మమ్మల్ని చితకబాదారు. చూస్తుండగానే నలుగురం పడిపోయాం. అన్న ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మాట బయటికి వచ్చేలోపే వదిన అందుకుంది. "అలసిపోయినావా? పడుకుంటావా?" ఆయన నోరు మూసుకున్నాడు.

"ఏమిటికి మే ఆయన్ను కష్టపెడతావ్?" అని చిన్నన్న నా చేతిలోంచి ల్యాప్‌టాప్ తీసుకుని ఈజీలో పెట్టాడు. "గెలవనీ పాపం" అన్నాడు.

గెలిచాం. అన్న ఒక్కటేస్తే ఒక్కడు పడ్డాడు. అందరూ పడ్డారు. వదిన చప్పట్లు కొట్టింది. "బాగుందా?" అని అడిగింది.

అన్న చూపు వాకిట్లోకి తిరిగింది. "బా...గుంది" అన్నాడు.

ఆ 'బాగుంది' నాకు తెలుసు. ఇదే బండ మీద కూర్చుని ఇదే మనిషికి నేను చెప్పిందే. నాకు ఒళ్ళు మండింది. ల్యాప్‌టాప్ లాక్కున్నాను.

"ఆయన్నడిగినావా చిన్నన్నా?"

"ఏం అడగల్ల?"

"ఎంత కష్టం కావాలో ఆయన్నడిగినావా అంటాండా!" అని, అన్న వైపు తిరిగాను. "అన్నా, ఎంతలో పెట్టల్ల?"

అన్న పెదవులు కదిలాయి. వదిన ఏదో అనబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. "ఉండు వదినా. ఇప్పుడు ఆయన వంతు" అన్నాను. ఆ ఇంట్లో ఒక మాట కోసం అందరూ నోరు మూసుకుని కూర్చోవడం ఆ జబ్బు వచ్చాక అదే మొదలనుకుంటాను. చాలాసేపటికి ఆ మాట వచ్చింది.

"పా...తదే."

హార్డ్ పెట్టాను. మళ్ళీ ఆ కోట ముంగిలే, మళ్ళీ ఆ దొంగలే. అన్న వంతు వచ్చింది. ఆయన ఎడమచెయ్యి మౌసు మీద మెల్లగా కదిలింది. కొట్టడానికి పోలేదు. కత్తాయనను వెనక్కి, ఇంకా వెనక్కి నడిపిస్తున్నాడు. పారిపోతున్నాడేమో అనుకున్నాడు చిన్నన్న. కోట గోడలో ఒక ఇరుకు గుమ్మం ఉంది. అన్న దాని దగ్గర ఆగి, వేలితో తెర మీద తట్టాడు.

"త...లుపు" అన్నాడు. కాసేపాగి, "మూట" అన్నాడు.

చిన్నన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "బియ్యం మూట! అన్నా, ఇంతకుముందు ఇదేనా చెప్పబోయింది?" అని అడిగాడు. అన్న తలూపాడు. చిన్నన్న తన మంత్రాలాయనను గుమ్మం లోపలికి, అన్న వెనక్కి తెచ్చి నిలబెట్టాడు. బాణాలాయప్ప పక్కన నేనూ వచ్చి నిలబడ్డాను.

దొంగలు గుమ్మం దగ్గర ఇరుక్కున్నారు. దెబ్బలన్నీ కత్తాయనకే. తెర మీద ఆయన ప్రాణం చూపే గీత ఎర్రబడి సన్నగా మిగిలింది. నా శక్తి కూడా అడుగంటింది, ఒక్క మందుకు సరిపడా ఉందేమో. అది చాలకపోతే అన్న పడిపోతాడు. నాకు భయం వేసింది. నిజంగానే, చిన్నప్పటి భయమే వేసింది. నా వంతు రాగానే కీబోర్డు మీద నొక్కి ఆటలోని మందుల సంచి తెరిచాను. ఎర్ర సీసా మీదికి వేలు పోయింది.

అన్న ఎడమచెయ్యి మౌసు వదిలి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"మే... స...రుకు తియ్యొద్దు" అన్నాడు.

ఎవరూ అందుకోలేదు. ఎవరూ పూర్తి చెయ్యలేదు. అందరం ఎదురుచూశాం.

"నువ్వుండావు... గదా."

కళ్ళు తుడుచుకోవడానికి నాకు తీరిక లేదు. మా అన్నకు గాయమైంది, వంతు నాది. మందు వేశాను.